బస్తీలో సొంతింటి కోసం పనిచేసే స్థానిక స్వచ్ఛంద సంస్థ: మొదలుపెట్టి నిలబెట్టడానికి సమగ్ర మార్గదర్శి

పేదల ఇళ్ల కోసం ఏదైనా చేయాలని ముందుకొచ్చే చిన్న సంస్థలు చాలావరకు ఇటుకల లెక్కతో, సిమెంటు విరాళాలతో పని మొదలుపెడతాయి. హైదరాబాద్ బస్తీల్లోనైనా, విజయవాడ కొండవాలు కాలనీల్లోనైనా, వరంగల్, విశాఖపట్నం పేటల్లోనైనా ఇల్లు ఆగిపోవడానికి కారణాలు వేరుగా ఉంటాయి. కాళ్ల కింది భూమి ఎవరిదో తేలకపోవడం, అర్హుల జాబితాలోకి పేరు ఎక్కకపోవడం, ప్రభుత్వం ఇచ్చే మొదటి విడత చేతికి రాకముందే పునాదికి పెట్టుబడి కావలసి రావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అడ్డుపడుతుంది. ఇల్లు కట్టుకునేది కుటుంబమే. ఈ మూడు చిక్కులు విప్పడానికి ఆ కుటుంబం వెంట ఉండడం స్థానిక సంస్థ పని. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 1967లోనే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ (యూసీడీ) ప్రాజెక్టు ప్రారంభించి, బస్తీల్లో కమ్యూనిటీ ఆర్గనైజర్లను నియమించింది. ఆ తరువాతి ఏళ్లలో పట్టాలు, సబ్సిడీ, రుణం, కుటుంబం సొంత వాటా కలిపి బస్తీవాసులు తమ ఇళ్లు తామే కట్టుకునే పద్ధతి అక్కడ నిలదొక్కుకుంది. దేశంలో పట్టణ పేదల గృహనిర్మాణం గురించి చెప్పుకునేటప్పుడు ఈ అనుభవం ప్రస్తావనకు రాక తప్పదు. ఇప్పటి జీహెచ్‌ఎంసీలో యూసీడీ విభాగం దాని కొనసాగింపే కాబట్టి, కొత్త సంస్థ మొదట పరిచయం చేసుకోవలసిన కార్యాలయాల్లో అదొకటి.

మొదటి మెట్టు: ఒక్క బస్తీని ఎంచుకోవడం

నగరమంతటా పనిచేస్తామని చెప్పుకునే చిన్న సంస్థ ఎక్కడా లోతుగా పనిచేయలేదు. నడిచి ఒక పూటలో చుట్టి రాగలిగిన బస్తీ ఒకటి ఎంచుకోవాలి. సంస్థ సభ్యుల్లో కనీసం ఇద్దరు ముగ్గురు అక్కడే ఉంటున్నవారై ఉండాలి. బయటివారు మాత్రమే ఉన్న సంస్థకు పగటిపూట కనిపించే బస్తీయే తెలుస్తుంది; రాత్రి పనులకు వెళ్లేవారు, తెల్లవారుజామున కూలి అడ్డాకు పోయేవారు దానికి కనిపించరు.

బస్తీలో అప్పటికే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద మహిళా పొదుపు సంఘాలు, వాటి మీద స్లమ్ లెవెల్ ఫెడరేషన్, పైన పట్టణ సమాఖ్య ఉండవచ్చు. వాటిని పక్కనపెట్టి కొత్త కమిటీ వేయడం పెద్ద పొరపాటు. సంఘం లీడర్లను, రిసోర్స్ పర్సన్లను ముందుగా కలిసి, వారు చేయలేకపోతున్న పని ఏమిటో అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా ఆ జవాబు కాగితాల దగ్గరే ఆగుతుంది: ఫలానా ఇంటికి పట్టా లేదు, ఫలానా ఇంటి పేరు మార్పిడి కాలేదు, ఫలానా ఫైలు ఎక్కడుందో తెలియదు.

రెండో మెట్టు: భూమి ఎవరిదో తేల్చడం

మొత్తం పనిలో అత్యంత కీలకమైన భాగం ఇది. దీనికి తగినంత సమయం ఇవ్వని సంస్థలు తరువాత అంతకు పదింతలు పోగొట్టుకుంటాయి. బస్తీవాసులు ‘మా జాగా’ అనే మాట వెనుక చట్టం దృష్టిలో ఎన్నో రకాల భూములు ఉంటాయి. రెవెన్యూ శాఖ ప్రభుత్వ భూమి కావచ్చు, అసైన్డ్ భూమి కావచ్చు, నగరపాలక సంస్థ స్థలం కావచ్చు. వక్ఫ్ భూమి, దేవాదాయ భూమి, రైల్వే లేదా రక్షణ శాఖ భూమి, చెరువు శిఖం (చెరువు లోపలి భూమి), నాలా గట్టు, ప్రైవేటు పట్టాదారు భూమి, వీటిలో ఏదైనా కావచ్చు. ఒకే బస్తీలో ముందు వరుస ఇళ్లు ఒక సర్వే నంబరులో, వెనుక వరుస మరో సర్వే నంబరులో ఉండడం అరుదు కాదు.

పని ఇలా చేయాలి. ముందుగా బస్తీ సర్వే నంబర్లను, టౌన్ సర్వే అయిన చోట టౌన్ సర్వే నంబర్లను తహసీల్దార్ కార్యాలయంలో గుర్తించాలి. తరువాత ఆ నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితాలో ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఏ కారణంగా చేరాయో, ఏ శాఖ చేర్పించిందో రాసుకోవాలి. చెరువు, నాలా దగ్గర ఉన్న బస్తీ అయితే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత), దాని చుట్టూ కట్టడాలు వేయకూడని బఫర్ జోన్ ఎక్కడివరకు వస్తాయో నీటిపారుదల శాఖ మ్యాపుతో పోల్చి చూడాలి. మాటమీద ఎవరు ఏమి చెప్పినా రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. అందుకు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) 2005 ఉంది. మున్సిపల్, జిల్లా స్థాయిలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు చూపే దరఖాస్తుదారుకు అదీ లేదు, జవాబు గడువు 30 రోజులు. ఈ హక్కు పౌరులకు ఇచ్చినది కాబట్టి సంస్థ పేరు మీద కాకుండా బస్తీవాసి ఒకరి పేరు మీదే దరఖాస్తు వేయడం మంచిది. రిజిస్ట్రేషన్ కాని సంస్థ కూడా ఈ పని మొదలుపెట్టవచ్చనేది ఇందులో మరో వెసులుబాటు.

ఇంటింటికీ ఉన్న కాగితాలను ఆ తరువాత చూడాలి. నోటరీ కాగితం, స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఇవేవీ భూమి మీద హక్కు పత్రాలు కావు. అలాగని వాటిని తీసిపారేయకూడదు. ఆ కుటుంబం ఎప్పటి నుంచి అక్కడ ఉంటోందో చెప్పే సాక్ష్యాలు అవే. తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రకారం ప్రభుత్వ భూమిలో 125 చదరపు గజాల వరకు ఇల్లు కట్టుకుని ఉన్న పేద కుటుంబాలకు ఉచితంగా క్రమబద్ధీకరణ జరిగింది. అందుకు 2014 జూన్ 2ను ప్రాతిపదిక తేదీగా పెట్టి, తరువాత దానిని 2020 జూన్ 2 వరకు జరిపారు. అలాంటి తేదీకి ముందు నుంచే ఉన్నామని నిరూపించేది పాత కరెంటు బిల్లే. మీ బస్తీలో ఆ జీవో కింద ఎవరికి పట్టా వచ్చింది, ఎవరి దరఖాస్తు తిరస్కరణకు గురైంది, ఎవరిది ఇంకా ఎటూ తేలలేదు అనే జాబితా తయారైతే, తరువాత ఎప్పుడు క్రమబద్ధీకరణ అవకాశం వచ్చినా సగం పని ముందే అయినట్టు.

కూల్చివేత నోటీసులు వచ్చే బస్తీలకు ఒక హెచ్చరిక. సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పులో కనీసం 15 రోజుల ముందస్తు నోటీసు, వాదన వినిపించుకునే అవకాశం, కారణాలతో కూడిన ఉత్తర్వు ఉండాలని చెప్పింది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైల్వే లైను పక్కన, నదులు, జలవనరుల వద్ద ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టు ఉత్తర్వుతో జరిగే కూల్చివేతలకు ఆ ఆదేశాలు వర్తించవని కూడా అదే తీర్పు చెప్పింది. నాలా గట్టున ఉన్న కుటుంబానికి ‘సుప్రీంకోర్టు తీర్పు ఉంది, మిమ్మల్ని ఎవరూ కదల్చలేరు’ అని ధైర్యం చెప్పడం ఆ కుటుంబాన్ని మోసం చేయడమే. అలాంటి చోట కట్టుబడి జోలికి పోకుండా, పునరావాసం ఎక్కడ, ఎంత దూరంలో, ఏ షరతులతో అన్న చర్చకు బస్తీని సిద్ధం చేయాలి. అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం కోరాలి.

మూడో మెట్టు: బస్తీ తన లెక్క తానే తీసుకోవడం

ముంబయిలో 1984లో మొదలైన స్పార్క్ సంస్థ, మహిళా మిలన్ సంఘాలు ఫుట్‌పాత్ మీద నివసించేవారి వివరాలను ఆ నివాసుల చేతనే సేకరింపజేసి, ఆ లెక్కనే అధికారులతో మాట్లాడే ఆధారంగా మార్చుకున్నాయి. పెద్ద పథకాల ఎంపికలో పేర్లు తప్పిపోయేది చాలావరకు లెక్క తీసేటప్పుడే కాబట్టి, ఆ పద్ధతి మన పట్టణాలకూ సరిపోతుంది.

ఇంటి గోడమీద సుద్దతో వరుస నంబరు వేసుకుంటూ వెళ్లడంతో సర్వే మొదలవుతుంది. మున్సిపల్ డోర్ నంబరు మీద ఆధారపడకూడదు. ఒకే డోర్ నంబరులో తల్లిదండ్రులు ముందు గదిలో, పెళ్లయిన ఇద్దరు కొడుకులు వెనుక రెండు రేకుల గదుల్లో వేర్వేరు పొయ్యిలతో ఉంటే, అవి మూడు కుటుంబాలు. మీటరు మాత్రం ఇరవై ఏళ్ల కిందట చనిపోయిన తాతగారి పేరు మీదే నడుస్తూ ఉంటుంది. రేషన్ కార్డులో కోడళ్ల పేర్లు ఎక్కి ఉండవు. చిన్న కొడుకు ఆధార్‌లో అత్తగారి ఊరి చిరునామా ఉంటుంది. తరువాత దరఖాస్తు తిరస్కరణకు కారణాలయ్యేవి సరిగ్గా ఇలాంటివే. అందుకని ప్రతి కుటుంబానికి ఒక పేజీ పెట్టి, ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం ఈ నాలుగింటిలో పేరు ఎలా రాసి ఉందో అక్షరం అక్షరం పక్కపక్కనే రాయాలి. తేడాలు ఉన్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి. వితంతువులు, భర్త వదిలేసిన మహిళలు, ఒంటరి వృద్ధులు, దివ్యాంగులు ఉన్న ఇళ్ల పేజీలు వేరుగా తెలిసేలా ఉండాలి.

అద్దెకున్నవారినీ లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెప్పాలి. బస్తీ సమావేశాల్లో మాట్లాడేది ఎక్కువగా ఇంటి యజమానులే. వారికి కిరాయిదారుల పేర్లు జాబితాలోకి రావడం ఇష్టం ఉండదు. కానీ ఏ స్థలమూ లేని, సొంతిల్లు అత్యవసరమైన కుటుంబాలు తరచు ఆ కిరాయి గదుల్లోనే ఉంటాయి. సొంత జాగా ఉన్నవారి పథకం వేరు, జాగా లేనివారి పథకం వేరు కాబట్టి ఒకరికి వస్తే మరొకరికి పోదని ముందే వివరించగలిగితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

సర్వే పూర్తయ్యాక గీసిన పటాన్ని బస్తీ కూడలిలో అందరికీ కనిపించేలా పెట్టి తప్పులు సరిచేయించాలి. ఆధార్ నంబర్లు, ఆదాయం, అప్పుల వివరాలు మాత్రం ఆ పటం మీద ఉండకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరగనే కూడదు. అసలు పేజీలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎవరు చూడవచ్చో సర్వేకు ముందే తీర్మానించుకోవాలి.

నాలుగో మెట్టు: సంస్థకు చట్టబద్ధమైన రూపం

ఇది చాలామంది మొదట చేసే పని. నా అభిప్రాయంలో పై మూడు మెట్లు ఎక్కిన తరువాతే చేయాలి, ఎందుకంటే అప్పటికి నిజంగా పనిచేసేవారెవరో తేలిపోతుంది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయాలు చెప్పే మెమోరాండం, నియమావళి ఉంటే జిల్లా రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, కమిటీ జాబితాను, లెక్కలను దాఖలు చేయడం మానేస్తే నమోదు కాగితం మిగులుతుందే తప్ప దానితో పని జరగదు. ఒకే ఇంటివారితో కమిటీ నింపకూడదు. ఎన్నికల్లో పోటీ చేసేవారు పదవి వదులుకోవాలన్న నియమాన్ని నియమావళిలోనే రాసుకోవడం మంచిది.

విరాళాల కోసం ఆదాయపు పన్ను శాఖ వద్ద ధార్మిక సంస్థగా నమోదు, దాతలకు పన్ను మినహాయింపు వచ్చే అనుమతి, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల వివరాల పోర్టల్) నంబరు కావాలి. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 నమోదు, సాధారణంగా మూడేళ్ల పని అనుభవం అవసరం. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో మురికివాడల అభివృద్ధి ప్రత్యేకంగా పేర్కొన్న అంశం కాబట్టి దరఖాస్తులో ఆ మాటనే వాడాలి.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న బంధుమిత్రుల సాయం గురించి తెలుగు సంస్థలు తరచు పొరపడతాయి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మార్చుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు మీద ఉన్నవారు పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకుంటే నేరమవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు మామూలుగా మూడేళ్ల ఉనికి, గత మూడేళ్లలో 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. కొత్త సంస్థ కొన్నేళ్లపాటు ఆ దారి మరచిపోవడమే క్షేమం.

అయిదో మెట్టు: ఏ కుటుంబానికి ఏ పథకం

సర్వే పేజీలను ఇప్పుడు మూడు దొంతరలు చేయాలి: స్పష్టమైన హక్కుతో జాగా ఉన్నవారు, జాగాలో ఉంటున్నా హక్కు తేలనివారు, జాగాయే లేనివారు. మొదటి దొంతరతో వెంటనే పని మొదలుపెట్టవచ్చు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రెండో దశ 2024 సెప్టెంబరులో మొదలైంది. ఏటా 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం ఏదీ పొందని కుటుంబం సొంత స్థలంలో ఇల్లు కట్టుకుంటే కేంద్రం వాటాగా లక్షన్నర రూపాయలు, దానిపై రాష్ట్ర వాటా వస్తాయి. తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి విడతలవారీగా 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600కు మించకుండా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పంచిన ఇళ్ల పట్టాల లేఅవుట్లు, 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో (పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ కట్టించిన అపార్ట్‌మెంట్) ఇళ్లు ఉన్నాయి. అక్కడ సంస్థలకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న వేరు: పట్టా ఉంది, లేఅవుట్ పని దొరికే చోటుకు దూరంగా ఉంది, బస్సు లేదు. ఆ కుటుంబాల విషయంలో ఇల్లు కట్టించడంకన్నా ముందు బస్సు, బడి, తాగునీరు అడగడమే గృహనిర్మాణ పని.

‘గత 20 ఏళ్లలో పథకం పొందలేదు’ అన్న షరతు దగ్గర జాగ్రత్త అవసరం. పాత పథకాల్లో ఇల్లు మంజూరైనట్టు రికార్డుల్లో ఉండి, కట్టుబడి జరగని కుటుంబాలు ఉన్నాయి. వారి పేరు ఆన్‌లైన్‌లో అనర్హంగా కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టడానికి ముందే గృహనిర్మాణ సంస్థ రికార్డులో చూసుకుని, తప్పు ఉంటే విచారణ కోరుతూ రాతపూర్వక అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

ఈ దశలోనే పైరవీకారులు వస్తారు. సంస్థ తరఫున ఎవరూ, ఏ పేరుతోనూ, దరఖాస్తు ఖర్చుల కింద కూడా, లబ్ధిదారుల నుంచి నగదు తీసుకోరాదన్న నియమాన్ని బస్తీలో బోర్డు మీద రాసి పెట్టడం అవసరం.

ఆరో మెట్టు: పునాదికి ముందు డబ్బు, స్లాబు వరకు నీడ

ప్రభుత్వం ఇచ్చే డబ్బు పని జరిగాక వస్తుంది. ఇందిరమ్మ ఇంటికి మొదటి లక్ష రూపాయలు బేస్‌మెంట్ పూర్తయి, జియో ట్యాగింగ్ ఫొటో (స్థలం వివరం నమోదైన ఫొటో) ఆన్‌లైన్‌లో ఎక్కిన తరువాతే ఖాతాలో పడతాయి. అంటే పాత రేకుల గది కూల్చి, అద్దె గదికి మారి, అడ్వాన్సు కట్టి, కంకర, ఇసుక, ఇనుము, మేస్త్రీ కూలి అంతా ముందు సొంతంగా పెట్టాలి. ఆ సమయంలో నూటికి నెలకు మూడు, అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబం, వచ్చిన విడతలో పెద్ద భాగం వడ్డీకే కడుతుంది. అసంపూర్తి ఇళ్ల వెనుక తరచు కనిపించే లెక్క ఇది.

సంస్థ తానే అప్పులివ్వడానికి దిగకూడదు. వసూలుకు తిరగడం మొదలైన రోజు నుంచి బస్తీలో దాని మాటకు విలువ పోతుంది. మహిళా సంఘం బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణం), స్త్రీనిధి (మహిళా సంఘాల పరపతి సంస్థ) రుణం ఈ మధ్యకాలానికి సరిపోయేలా ముందే దరఖాస్తు పెట్టించాలి. పదీ పదిహేను ఇళ్లు ఒకేసారి మొదలైతే సిమెంటు, ఇనుము, ఇసుక కలిపి బేరం చేయించవచ్చు. ఎవరి బిల్లు వారి పేరు మీదే ఉండాలి. సంస్థ ఖాతా గుండా డబ్బు పోకూడదు. ఖాళీ చేసే కుటుంబాలకు ఎక్కడ ఉండాలన్నది వరుసలో రెండో చిక్కు. అన్ని ఇళ్లూ ఒక్కసారి కూల్చితే చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయి కాబట్టి రెండు మూడు జట్లుగా సాగడం మేలు.

కట్టుబడి మీద సంస్థ కన్ను ఉండాల్సిన చోట్లు కొన్నే. పథకం చెప్పిన కొలతకు మించి పునాది తీస్తే బిల్లు ఆగుతుంది. ‘పైన ఇంకో గది వేసుకుంటాం’ అనే ఆశతో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మేస్త్రీతో గుత్త ఒప్పందమైతే ఏ దశకు ఎంత అన్నది కాగితం మీద రాయించాలి. మార్కెట్లో దొరికే సిమెంటు ఎక్కువగా పీపీసీ (బూడిద వంటివి కలిపిన) రకం కాబట్టి స్లాబుకు కనీసం 10 రోజులు నీళ్లు నిలపాలి. కూలికి వెళ్లే దంపతులకు ఇది కష్టం. బస్తీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తే మరీ కష్టం. స్లాబు వేసే తేదీని నీళ్ల ట్యాంకరుతో కలిపి నిర్ణయించి, పక్కింటివారికి తడిపే పని అప్పగించేలా చూడడం ఇంజనీరు సలహాలన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇల్లు భార్య పేరు మీద గానీ ఇద్దరి పేరు మీద గానీ ఉండేలా మొదటి కాగితం నుంచే పట్టుబట్టాలి. తరువాత మార్చడం దాదాపు కుదరని పని.

ఏడో మెట్టు: ఇంటి గడప దాటాక

ఇళ్లు లేచినా మురుగు వీధిలోనే పారుతుంటే బస్తీ మారినట్టు కాదు. అహ్మదాబాద్‌లో 1990ల పరివర్తన్ కార్యక్రమం ఇక్కడ చూడదగిన ఉదాహరణ. నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు, బస్తీ కుటుంబాలు కలిసి తాగునీరు, డ్రైనేజీ, మరుగుదొడ్డి, దారి, వీధి దీపాలు ఇంటింటికీ తెచ్చుకున్నాయి. ప్రతి కుటుంబం 2,000 రూపాయల వాటా వేసుకుంది. అందుకు ప్రతిగా 10 ఏళ్లపాటు ఖాళీ చేయించబోమని నగరపాలక సంస్థ హామీ ఇచ్చింది. ‘సేవా’ (SEWA) అనే స్వయం ఉపాధి మహిళల సంఘం 1994లో స్థాపించిన మహిళా హౌసింగ్ ట్రస్టు ఈ పనిలో బస్తీ మహిళలను కూడగట్టింది. వాటా వేసుకున్నవారికి అడిగే నోరు వచ్చింది, హామీ దొరికినవారికి ఇంటి మీద ఖర్చు పెట్టే ధైర్యం వచ్చింది. ఈ రెండూ కలిసి నడవాలి.

మన బస్తీల్లో మొదలుపెట్టడానికి డ్రైనేజీ అనువైన పని. వర్షం పడిన రోజే గొడుగు పట్టుకుని బస్తీ అంతా నడిచి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ మ్యాన్‌హోల్ పొంగుతోందో, ఏ ఇంటి గడప దాటి లోపలికి వస్తున్నాయో సర్వే పటం మీదే గుర్తించాలి. ఆ పటం జతచేసిన అర్జీకీ, ‘మా బస్తీలో డ్రైనేజీ బాగాలేదు’ అని రాసిన అర్జీకీ వార్డు ఇంజనీరు ఇచ్చే జవాబులో తేడా తెలుస్తుంది. అంచనా తయారైందా, పరిపాలనా అనుమతి వచ్చిందా, టెండరు పిలిచారా అనే మూడు ప్రశ్నలు వరుసగా అడుగుతూ పోవాలి.

అంగన్‌వాడీకి సొంత గది, సాయంత్రం పిల్లలు కూర్చుని చదువుకునే చోటు, వృద్ధాప్య పింఛన్ల దరఖాస్తులు, ఇవన్నీ క్రమంగా వచ్చి చేరతాయి. వచ్చిన ప్రతిదాన్నీ తలకెత్తుకోకుండా, బస్తీ సమావేశంలో ఏడాదికి రెండు పనులు మించకుండా ఎంచుకోవడం చిన్న సంస్థకు శక్తికి తగ్గ పద్ధతి.

రెండో బస్తీకి ఎప్పుడు వెళ్లాలి

సాధారణంగా మూడో ఏట, కాస్త పేరు వచ్చాక, పక్క బస్తీవారు పిలుస్తారు, దాతలు కూడా విస్తరించమంటారు. అప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటి బస్తీలో హక్కు తేలని దొంతర పేజీలన్నింటికీ ఏదో ఒక రాతపూర్వక జవాబు వచ్చిందా? సంస్థవారు నెల రోజులు రాకపోయినా స్లమ్ ఫెడరేషన్ మహిళలు తహసీల్దార్ దగ్గరికి తామే వెళ్లి ఫైలు సంగతి అడగగలుగుతున్నారా? సంస్థ జమాఖర్చులను బస్తీ కూడలిలో బిగ్గరగా చదివి వినిపించే సర్వసభ్య సమావేశం కనీసం రెండుసార్లు జరిగిందా? ఈ మూడింటిలో ఒక్కదానికి కాదన్న జవాబు వచ్చినా, పిలిచినవారికి సర్వే పేజీ నమూనా, ఆర్టీఐ దరఖాస్తు నమూనా ఇచ్చి, వారిలో ఇద్దరిని మీ బస్తీలో కొన్నాళ్లు మీతో తిరగమనాలి.